చేప సీసా నుంచి వరి వెన్ను దాకా

సాంబ మసూరి నాటి రెండు నెలలు కావస్తున్న చేలో ఒక దుబ్బు పీకి, తల్లి పిలకను బ్లేడుతో నిలువునా చీల్చి చూడాలి. లేతాకుల మడతల నడుమ, పై కణుపుకు కాస్త ఎగువన, తెల్లటి నూగుతో ఒక మొన కనిపిస్తుంది. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అదే రాబోయే వెన్ను. వ్యవసాయాధికారులు దీన్ని అంకురం దశ అంటారు, ఆఖరి దఫా యూరియా వేయమనేది అప్పుడే. గట్టు మీద నిలబడ్డవాడికి చేను పచ్చగా ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. కానీ వెన్నుకు ఎన్ని రెమ్మలు, రెమ్మకు ఎన్ని గింజలు అన్న లెక్క ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. ఆ తర్వాత రైతు ఎంత పాటుపడ్డా ఉన్న గింజలు తాలు పోకుండా కాచుకోవడమే, కొత్తవి పుట్టించలేడు.

ఆ మొనలోని కణాలు ఇంకా విభజన చెందాలా, చాలించాలా అని చెప్పే సంకేతాల్లో ముఖ్యమైనది సైటోకైనిన్ అనే హార్మోన్. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసి, 2025 మేలో విడుదలైన ‘కమల’ వరి కథంతా ఈ హార్మోన్ చుట్టూనే తిరుగుతుంది. ఆ వార్త నాలుగు రోజులు పేపర్లలో నలిగి పాతబడింది. దాని వెనక మాత్రం డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక చేప కూడా ఉంది.

హార్మోన్ దొరికిన చోటు వరి పండని ఊరు. అమెరికాలోని మాడిసన్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. అక్కడ ఫోక్ స్కూగ్ అనే శాస్త్రవేత్త పొగాకు కాడ లోపలి బెండును ముక్కలుగా కోసి సీసాల్లో పెంచే ప్రయత్నంలో ఉన్నాడు. స్కూగ్ స్వీడన్‌లో పుట్టినవాడు, 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున 1500 మీటర్ల పరుగులో పాల్గొన్నవాడు. ఓపిక అలవాటైన మనిషే అనుకోవాలి, ఎందుకంటే బెండు ముక్కలు ఒక పట్టాన మాట వినలేదు. అప్పటికే తెలిసిన ఆక్సిన్ హార్మోన్ ఇస్తే కణాలు ఉబ్బేవి తప్ప ఒకటి రెండయ్యేవి కావు. ఏదో తక్కువవుతోంది.

ఆ ‘ఏదో’ కొబ్బరి నీళ్లలో ఉందని అప్పటికే సూచనలున్నాయి. 1941లో యోహానెస్ వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త పిండాలను కొబ్బరి నీళ్లు పోసి పెంచి చూపింది. కొబ్బరి నీళ్లంటే కాయలోని పిండానికి చెట్టు దాచిపెట్టిన తిండే కదా, అందులో పెంచే గుణం ఉండడంలో వింత లేదు. కానీ ఆ నీళ్లలో వందల పదార్థాలు. ఏది పనిచేస్తోందో పట్టుకోవడం కష్టం.

స్కూగ్ ప్రయోగశాలలో కార్లోస్ మిల్లర్ ఈస్ట్ సారం ప్రయత్నించాడు, పని చేసింది. అందులో పనిచేసే పదార్థం డీఎన్‌ఏ ముక్కల్లాంటిదేదో అని తోచింది. అల్మరాలో ఒక పాత సీసా కనిపించింది. పైన చీటీ: హెర్రింగ్ చేప వీర్యం నుంచి తీసిన డీఎన్‌ఏ. అందులోంచి చిటికెడు తీసి పొగాకు బెండుకు పెడితే కణాలు విరగబడి విభజన చెందాయి. సంబరం ఎంతో కాలం నిలవలేదు. సీసా అయిపోయింది. అదే సరుకు కొత్తది తెప్పించి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. మంచి సరుకు పనిచేయకపోవడం, పాడైన సరుకు పనిచేయడం! చివరికి తట్టింది: పాత సీసాలో డీఎన్‌ఏ ఏళ్ల తరబడి చితికి వేరే పదార్థంగా మారింది. అయితే కొత్తదాన్నీ అలాగే చితకొట్టవచ్చు. ఆటోక్లేవ్‌లో, అంటే ప్రయోగశాలవాళ్ల ప్రెషర్ కుక్కర్‌లో, తాజా డీఎన్‌ఏను పెట్టి ఆవిరి పట్టించారు. పని చేసింది. 1955లో ఆ పదార్థాన్ని శుద్ధి చేసి కైనెటిన్ అని పేరు పెట్టారు. మొక్క తానే తయారుచేసుకునే అసలు సరుకు, జియాటిన్, 1963లో న్యూజిలాండ్‌లో డేవిడ్ లెతమ్‌కు లేత మొక్కజొన్న గింజల్లో దొరికింది. ఈ కుటుంబానికంతటికీ సైటోకైనిన్లని పేరు స్థిరపడింది.

1957లో స్కూగ్, మిల్లర్ ఇంకో మెట్టెక్కారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే ముక్క నుంచి వేళ్లు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు, రెండూ సమంగా ఉంటే ఆకారం లేని ముద్ద. రెండు మందుల పాళ్లతో మొక్క రూపాన్ని నడిపించవచ్చని తేలింది. అనంతపురం, కడప జిల్లాల్లో ఇవాళ వేస్తున్న టిష్యూకల్చర్ అరటి పిలకలు ఈ సూత్రం మీదే సీసాల్లో పుడుతున్నాయి.

వరి దగ్గరికి వచ్చేసరికి మరో యాభై ఏళ్లు పట్టింది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో మోటొయుకి అషికారి బృందం రెండు వరి రకాలను పక్కపక్కన పెట్టింది. ఒకటి జపాన్‌వాళ్లు ప్రాణంగా తినే కొషిహికారి, రెండోది వెన్నుకు చాలా ఎక్కువ గింజలు పట్టే హబతాకి. తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే ఒక జన్యువు తేలింది. దాని పని సైటోకైనిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారుచేయడం. దీన్నే సీకేఎక్స్2 అంటారు. తొట్టి అడుగున చిల్లు లాంటిదన్నమాట: పైన ఎంత నీళ్లు పోసినా కింద పోతుంటాయి. హబతాకిలో ఆ చిల్లు చిన్నది. వెన్ను మొనలో హార్మోన్ నిలుస్తుంది, రెమ్మలు పెరుగుతాయి. 5150 అనే మరో రకంలో ఈ జన్యువులో 11 అక్షరాలు ఊడిపోయి ఎంజైమ్ పూర్తిగా మూలపడింది. గింజలు ఇంకా ఎక్కువ. 2005లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి అచ్చయింది.

రెండేళ్లకు జపాన్‌లోనే మరో బృందం దీనికి రెండో వైపు చూపింది. వరి మొన దగ్గర సైటోకైనిన్‌కు చురుకు తెప్పించే జన్యువు చెడితే వెన్ను చిన్నబోతుంది, పువ్వులో చాలాసార్లు ఒక్క కేసరమే మిగులుతుంది, అండకోశం ఉండదు. పక్కన ఆడతోడు లేని ఆ కేసరాన్ని చూసి శాస్త్రవేత్తలు జన్యువుకు ‘లోన్లీ గై’ అని పేరు పెట్టారు. ఒంటరిగాడు.

కమల అంటే ఈ సీకేఎక్స్2 జన్యువును మార్చిన సాంబ మసూరే. కాబట్టి ఇక మన సాంబ మసూరి వంశవృక్షం చూడాలి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన ఈ బీపీటీ 5204కు ముగ్గురు పెద్దలు. మొదటిది జీఈబీ 24. కోనామణి రకంలో తనంతట తాను వచ్చిన మార్పును గుర్తించి 1921లో కోయంబత్తూరు కేంద్రం ఇచ్చిన సన్నరకం అది. రెండోది మలేషియా నుంచి వచ్చిన మసూరి. మూడోది తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. ఈ మూడోదాని పొట్టితనం ఎక్కడిది? హరిత విప్లవానికి మూలమైన ఆ పొట్టి జన్యువు గుట్టు 2002లో విప్పారు. జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్‌ను తయారుచేసే జన్యువులో 383 అక్షరాలు ఊడిపోయాయి. ఎవరూ కోయలేదు, ప్రకృతిలో జరిగిన ప్రమాదం. కాండం పొట్టిదైంది, ఎరువు వేసినా చేను పడిపోవడం తగ్గింది.

అంటే తెలుగువాళ్లు నలభై ఏళ్లుగా ఇష్టంగా తింటున్న అన్నంలోనే ఒక హార్మోన్ జన్యువు విరిగి ఉంది. కమలలో విరిగింది రెండోది. మొదటిది గుడ్డిగా విరిగింది, రెండోదాన్ని గురిచూసి విరిచారు. తేడా ఇంతే అంటే కొందరికి కోపం రావచ్చు, కానీ మొక్క వైపు నుంచి చూస్తే తేడా ఇంతే.

గురిపెట్టే పరికరం క్రిస్పర్. జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియర్ 2012లో చూపి 2020లో నోబెల్ అందుకున్నది దీనికే. బయటి జన్యువు మొక్కలో మిగలకుండా ఇలా సొంత జన్యువునే మార్చిన పంటలకు భారత ప్రభుత్వం 2022 మార్చిలో జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు రకాలను విడుదల చేశారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, అదే కమల. అధికారిక లెక్క ప్రకారం హెక్టారుకు సాంబ మసూరి 4.5 టన్నులైతే కమల సగటున 5.37 టన్నులు. 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే ఎకరాకు 24 నుంచి 29 బస్తాలకు పెరిగినట్టు. కోత ఇరవై రోజులు ముందు. కాలువ చివరి భూముల రైతుకు బస్తాల కన్నా ఈ ఇరవై రోజులే ముఖ్యం కావచ్చు.

రెండోది ఢిల్లీ పూసా సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. దాని తల్లి కూడా మనదే: మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, కాటన్ దొర సన్నాలు. ఇక్కడ మార్చింది డీఎస్‌టీ అనే జన్యువు, ఉప్పు నేలల్ని తట్టుకోవడానికి. పేర్లు చూస్తే రెండింటికీ పొత్తు లేనట్టు ఉంటుంది. కానీ సీకేఎక్స్2 జన్యువును నడిపించేవాటిలో డీఎస్‌టీ ఒకటని చైనా పరిశోధకులు 2013లోనే రాశారు. బాపట్ల బిడ్డలో చిల్లును నేరుగా మూశారు, మారుటేరు బిడ్డలో ఆ చిల్లును తెరిచే చేతిని పట్టుకున్నారు.

అయితే ఈ హార్మోన్‌కు రెండు ముఖాలున్నాయి. పైన వెన్నుకు మేలు చేసేది కింద వేళ్లను అణుస్తుంది. బెర్లిన్‌లో థామస్ ష్మ్యూలింగ్ బృందం 2010లో వేళ్లలో మాత్రమే సైటోకైనిన్ తగ్గేలా మొక్కల్ని మార్చి చూస్తే వేళ్లు బలిశాయి, కరవునూ బాగా తట్టుకున్నాయి. కాబట్టి ఆదర్శమైన మొక్క పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంచుకోవాలి. ఒక జన్యువును విరవడంతో ఇంత నాజూకు పని సాధ్యం కాదు. జన్యువుల్ని ఇంజినీర్లలా కూర్చే సింథటిక్ బయాలజీవాళ్లు పట్టుకున్నది ఈ కొసనే. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో జెన్నిఫర్ బ్రోఫీ, హోసే డినెనీ బృందం కంప్యూటర్ చిప్ తరహాలో ‘ఇది ఉండి అది లేకపోతేనే’ అని తీర్మానించే జన్యు వలయాల్ని మొక్కలో అమర్చింది. ఆవాల చుట్టమైన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పక్క వేళ్లు ఎన్ని రావాలో ఒక్కో మెట్టుగా మార్చి చూపింది. విరవడానికి బదులు కుళాయి తిప్పడం అన్నమాట. అది ఇంకా ప్రయోగశాల విద్యే. పైగా ఆ వలయాల్లో బాక్టీరియా నుంచి తెచ్చిన భాగాలుంటాయి కాబట్టి మన చట్టంలో 2022 మినహాయింపు వాటికి వర్తించదు.

ప్రయోగశాలలో తేలిన మాట చేలో తేలాలని లేదు. వెన్నుకు గింజలు ఎక్కువైతే వాటన్నిటికీ పాలు పట్టాలి, లేకపోతే తాలు మిగులుతుంది. అగ్గి తెగులు, ఎండాకు తెగులు సాంబ మసూరికి పాత శత్రువులు. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్ వరి సంస్థ కలిసి 2008లోనే ఇచ్చాయి. 2025 అక్టోబరులో జన్యుమార్పిడి వ్యతిరేక సంఘాలు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సొంత పరీక్షల నివేదికల్నే ముందు పెట్టి, ఈ రెండు రకాల దిగుబడి చాలా చోట్ల చెప్పినంత లేదని ఆరోపించాయి. ఐసీఏఆర్ ఆ ఆరోపణల్ని తోసిపుచ్చింది. క్రిస్పర్ మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయన్న చిక్కూ ఉంది.

ఈ తగాదా తీరడానికి ప్రకటనలు చాలవు. ఏ కేంద్రంలో, ఏ ఏడాది, ఏ నేలలో, తల్లి రకం పక్కన కమల ఎన్ని కిలోలిచ్చిందో ఆ పట్టికలన్నీ తెలుగులో అచ్చువేసి, విత్తనం కంటే ముందు రైతు చేతికి ఇవ్వాలి.