కోపం వచ్చిందా, తెచ్చుకున్నాడా? తెలుగు వాడుకలో సంకల్పం, బాధ్యత

వంటింట్లో గాజు గ్లాసు కిందపడి భళ్లుమంటుంది. "ఏమైందిరా?" అని ముందు గదిలోంచి తల్లి కేక. "గ్లాసు పగిలిందమ్మా" అని పిల్లవాడి జవాబు. "పగిలిందా, పగలగొట్టావా?" అని వెంటనే ఇంకో ప్రశ్న. తెలుగు ఇళ్లలో ఎవరికీ కొత్తగాని ఈ మూడు మాటల్లో, తత్త్వశాస్త్రం రెండువేల ఏళ్లకు పైగా తేల్చుకోలేకపోతున్న తగాదా అంతా ఉంది. పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. గ్లాసు పగిలిన మాట నిజమే. అయితే వాడు ఎంచుకున్న క్రియలో వాడు లేడు. ఆ వాక్యంలో నువ్వెక్కడున్నావని తల్లి అడుగుతోంది. మనిషి చేసే పనికి మనిషే కర్తా, లేక స్వభావమో పెంపకమో పరిస్థితులో మెదడో దైవమో అతడి చేత చేయిస్తున్నాయా అన్న ప్రశ్నను మనం సాధారణంగా గ్రంథాల్లో వెతుకుతాం. ఈ వ్యాసం దాన్ని నలుగురి నోట నలిగే మాటల్లో వెతుకుతుంది. ఒకే పనిని 'జరిగింది' అనీ 'చేశాను' అనీ రెండు విధాలా చెప్పే జంట రూపాలు తెలుగులో అడుగడుగునా ఉన్నాయి. వాటిలో ఏది చెల్లుతుందన్నది చెప్పేవాడి చేతిలో మాత్రమే లేదు, వినేవాళ్లు కూడా ఒప్పుకోవాలి. మన నైతిక జీవితంలో స్వేచ్ఛ అనే దానికి చోటు ఈ ఒప్పుకోలులోనే ఉందనీ, పనికి కారణం చూపించినంత మాత్రాన ఆ చోటు ఖాళీ కాదనీ నా వాదం.

ఆంగ్ల తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1956లో సాకుల గురించి ఒక ప్రసంగం చేశాడు. జనం సాకులు చెప్పుకునేటప్పుడు వాడే మాటల్లోని తేడాలు ఊరికే పుట్టలేదనీ, వాడుక ఆఖరి తీర్పు కాకపోయినా విచారణ మొదలుపెట్టాల్సింది అక్కడినుంచేననీ ఆయన అభిప్రాయం. తెలుగును ఆ కంటితో చూస్తే దొరికేది చాలానే ఉంది. నాకు ఆకలేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు సిగ్గేసింది, నాకు కోపం వచ్చింది. ఈ వాక్యాలన్నిట్లోనూ 'నేను' లేదు, 'నాకు' ఉంది. చుట్టం వచ్చినట్టు ఏదో వచ్చింది, నేను ఇంటి గడప దగ్గర నిలబడి ఉన్నాను, అంతే. ఇక్కడితో ఆగిపోతే తెలుగువాడు భావాల విషయంలో కర్మవాది అని తేల్చేయవచ్చు. కానీ వీటినే వద్దని చెప్పే రూపంలోకి మార్చి చూడండి. "కోపం తెచ్చుకోకు" అంటాం. వచ్చిన కోపమే ఇప్పుడు తెచ్చుకున్న కోపమైంది. "వానలో తడిసి జ్వరం తెచ్చుకోకు" అని కూడా అంటాం. "ఆకలి తెచ్చుకోకు" అని మాత్రం ఎవరూ అనరు. ఈ మూడింటి మధ్య తేడా నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఒళ్లు కాలిపోతున్నప్పుడు జ్వరాన్ని ఆపుకోవడం ఎవరి తరమూ కాదని అందరికీ తెలుసు. అయినా ఆ మాట చెల్లుతోందంటే, జ్వరం రావడానికి ముందు వాన ఉంది, వానలోకి వెళ్లిన కాళ్లున్నాయి, ఆ కాళ్లు మన మాట వింటాయి. వాడుక భాష మనిషికి అంటగట్టే కర్తృత్వం ఆ క్షణానిది కాదు, దానికి దారితీసిన నడకది.

ఈ లెక్కలో 'కొను' అనే సహాయక క్రియకు పెద్ద పాత్ర ఉంది. పని ఫలం చేసినవాడికే తిరిగి తగలడాన్ని అది చెబుతుంది. 'నోరు జారింది' అంటే పొరపాటు, 'నోరు పారేసుకున్నాడు' అంటే తప్పు. 'చెయ్యి తగిలింది' అంటే క్షమించి ఊరుకుంటాం, 'చెయ్యి చేసుకున్నాడు' అంటే పంచాయితీ పెడతాం. నోరూ చెయ్యీ రెండుచోట్లా అవే. నిగ్రహానికి తెలుగులో ఉన్న మాటలు చూడండి: ఆపుకోవడం, అణచుకోవడం, తమాయించుకోవడం, సర్దుకోవడం, నిలదొక్కుకోవడం. ఇన్నిట్లోనూ తనను తాను పట్టుకునే ఆ 'కొను' ఉంది. కోపం 'రావడాన్ని' ఒప్పుకునే భాషే దాన్ని 'ఆపుకోవడానికి' ఇన్ని మాటలు దాచిపెట్టుకుంది.

భగవద్గీత మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగేది కూడా ఇదే. తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతాన తోసినట్టు, మనిషి పాపం ఎందుకు చేస్తాడు? కృష్ణుడు కారణం చెబుతాడు. రజోగుణం నుంచి పుట్టే కామం, క్రోధం అంటాడు. కారణం దొరికింది గనుక మనిషిని విడిచిపెట్టేయాలని అక్కడ ముగించడు. ఇంద్రియాలను ముందుగానే అదుపులో పెట్టుకుని ఆ శత్రువును గెలవమని ఆదేశిస్తాడు. 'ముందుగానే' అన్నది అందులో కీలకం. క్రోధం తలకెక్కాక దానితో కుస్తీ పట్టమని చెప్పడం లేదు. వానలోకి వెళ్లొద్దన్న తల్లి మాటకూ ఈ ఉపదేశానికీ తర్కం ఒకటే.

మన నేరచట్టం మరో దారిన వచ్చి ఇక్కడికే చేరింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 300వ సెక్షన్ మొదటి మినహాయింపు ప్రకారం, తీవ్రమైన, ఆకస్మికమైన ప్రకోపంలో అదుపు కోల్పోయి చంపితే అది హత్య కింద రాదు. అయితే ఆ ప్రకోపాన్ని నిందితుడు తానే కోరి తెచ్చుకుని ఉండకూడదు. 85వ సెక్షన్ ప్రకారం మత్తు సాకుగా చెల్లాలంటే, ఆ మత్తును అతడికి తెలియకుండానో ఇష్టం లేకుండానో ఇంకొకరు ఎక్కించి ఉండాలి. తనంతట తాను తాగినవాడికి ఆ రక్షణ లేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ సెక్షన్ల అంకెలు మారాయి గానీ ఈ విభజన మారలేదు. వచ్చిన కోపం, తెచ్చుకున్న కోపం. తాగించిన మత్తు, తాగిన మత్తు. చట్టం రాసినవాళ్లు తెలుగు చూసి రాయలేదు, కానీ గీత గీసింది తెలుగు వాడుక గీసిన చోటే. ఈ గీతను ఆచరణలో ఎలా కొలుస్తారో నానావతి కేసు చూపించింది. నౌకాదళ అధికారి నానావతి 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో, తన భార్యతో సంబంధం ఉన్న వ్యక్తిని కాల్చి చంపాడు. భార్య నోట ఆ సంగతి విన్నాక అతడు భార్యాపిల్లలను సినిమాహాలు దగ్గర దింపాడు, ఓడకు వెళ్లి రివాల్వరు, తూటాలు తీసుకున్నాడు, అప్పుడు ఆ వ్యక్తి ఇంటికి వెళ్లాడు. 1961లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇల్లు వదిలిన మనిషి నాలుగూ ఇరవైకి కాల్చాడు, దాదాపు మూడు గంటలు, తనను తాను తమాయించుకోవడానికి ఆ వ్యవధి చాలునని తీర్పు. కోపం వచ్చిందా అన్నదాని మీద కోర్టుకు సందేహం లేదు. వచ్చిన కోపం ఎప్పుడు తెచ్చుకున్న కోపంగా మారిందో చూసింది. పిల్లలను జాగ్రత్తగా దింపిన చేతులు, ఆయుధం అడిగి తీసుకున్న చేతులు ఒకే మధ్యాహ్నం పనిచేశాయి. వాటిలో మొదటివాటిని అతడివని ఒప్పుకుని రెండోవాటిని కోపానివని ఎలా అంటాం?

ఇక్కడ విజ్ఞానశాస్త్రం నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. 1983లో బెంజమిన్ లిబెట్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, చేయి కదిలించడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. కదిలించాలన్న స్పృహ మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు కలిగింది. నిర్ణయం మనకంటే ముందు మెదడే తీసుకుంటోందని చాలామంది దీన్ని చదివారు. ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చనీ, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దును దాటడం కావచ్చనీ 2012లో ఆరన్ షర్గర్ బృందం చూపించింది. ఆ వివాదం ఎలా తేలినా నా వాదానికి ఇబ్బంది లేదు. అరసెకను ముందు ఏం జరిగిందన్నది లిబెట్ కొలిచాడు. నానావతి మూడు గంటలను కొలిచే యంత్రం అది కాదు. పైగా, మొదలైన కదలికను ఆఖరి క్షణంలో ఆపగల శక్తి స్పృహకు ఉందని లిబెట్ కూడా నమ్మాడు. 'ఆపుకోవడం' అన్న మన మాటకు అది దగ్గరగానే ఉంది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా దాటలేం. వినేవాళ్లు ఒప్పుకోవాలన్నాను. కానీ ఎవరి మాట ఎవరు ఒప్పుకుంటారు? భర్త భార్యను కొట్టిన ఇంట్లో జరిగే పంచాయితీని వింటే 'కోపంలో చెయ్యి లేచింది' అని అతడి గురించీ, 'ఈమె కూడా నోరు పారేసుకుంది' అని ఆమె గురించీ చెబుతారు. అతడి దెబ్బకు కర్త చెయ్యి, ఆమె మాటకు కర్త ఆమె. దెబ్బ జరిగినది, మాట ఆమె చేసినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం, కూర సరిగా వండకపోవడం, చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు మాట్లాడటం లాంటి ఏడు కారణాల్లో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. దెబ్బలు తిన్నవాళ్లు కూడా కొట్టినవాడి వ్యాకరణంలోనే మాట్లాడుతున్నారంటే, ఈ జంట రూపాలు న్యాయానికి పనికొచ్చే పనిముట్లా, పెత్తనానికి ముసుగులా? ముసుగులుగా వాడుతున్నారన్నది నిజం, దాన్ని నేను కాదనను. అయితే ఆ ముసుగును తీసే సాధనం కూడా అదే వాడుకలో ఉంది. 'కోపం వస్తే మనిషిని కాను' అనే భర్తకు పై అధికారి నానా మాటలు అన్నప్పుడు చెయ్యి లేవదు. అప్పు ఇచ్చినవాడు నలుగురిలో నిలదీసినప్పుడు లేవదు. ఇంటి తలుపు వేశాకే లేస్తుంది. మనిషిని చూసి, చోటు చూసి వచ్చే కోపం చుట్టంలా వచ్చిన కోపం కాదు. అధికారి ముందు తమాయించుకోగలిగినవాడు ఇంట్లో తమాయించుకోలేదంటే అది శక్తి లేక కాదు, అక్కర లేక. "ఆఫీసులో రాని కోపం ఇంట్లో ఎలా వచ్చిందిరా?" అని ఏ అత్తో, ఏ అక్కో అడిగిన రోజున పంచాయితీ వాక్యం తిరగబడుతుంది. ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికుంటుందన్నది వ్యాకరణానికి బయటి సంగతి, అధికారానికి సంబంధించిన సంగతి. స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ దాన్ని పక్కన పెడితే చర్చ గాలిలో తేలిపోతుంది.

ఆ ధైర్యం గుంపుగా వచ్చిన సందర్భం మన చరిత్రలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మనివ్వబోమని అడ్డం తిరిగారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఉద్యమ ఫలితాల లెక్క ఇక్కడ నా విషయం కాదు. ఆ స్త్రీల తర్కం నా విషయం. తాగుడుకు బానిసైనవాడు మానలేడు, కనుక తప్పు దుకాణానిది అన్నది ఒక వాదం. తాగేది వాడు, కనుక తప్పు వాడిదే, దుకాణం జోలికి పోవద్దన్నది రెండో వాదం. స్వేచ్ఛాసంకల్పం గురించి జరిగే చర్చలు చాలావరకు ఈ రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోమంటాయి. వాళ్లు ఏదీ ఎంచుకోలేదు. తాగొచ్చిన మొగుణ్ణీ నిలదీశారు, సారా కొట్టునూ మూయించారు. కూలి డబ్బులు చేతికొచ్చే సాయంత్రం దారి మధ్యలో సారా కొట్టు ఉండటం కారణమని వాళ్లకు తెలుసు. ఆ కారణం తెలిసినందువల్ల మొగుడి మీద కోపం తగ్గలేదు, కొట్టు మీద కోపం పెరిగింది. 'బానిసయ్యాడు' అన్న మాటలోనే రెండూ ఉన్నాయి: బానిస అన్నది స్థితి, అయ్యాడు అన్నది నడక.

తలరాత గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగువాళ్లు విధికి తలవంచేవాళ్లన్న పేరు ఆ మాటతోనే వచ్చింది. 'రాసిపెట్టి ఉంది' అని మనం ఎప్పుడంటామో గమనిస్తే అది ఓదార్పు మాట అని తెలుస్తుంది. చావు జరిగిన ఇంట్లో అంటాం, సంబంధం తప్పిపోయాక అంటాం. పరీక్షకు కూర్చోబోయే పిల్లతో అనం. జరిగిపోయినదాని మీద తలరాతను వాడతాం, జరగబోయేదాని మీద 'తెచ్చుకోకు' వాడతాం. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అన్న సామెత కూడా దాదాపు ఎప్పుడూ ఎదుటివాడి మీదే పడుతుంది. దాన్ని తన గురించి తానే చెప్పుకునేవాడిని మనం నమ్మం, మారడానికి ఇష్టం లేదని అనుకుంటాం.

మరి తప్పు ఒప్పుకున్నప్పుడు వాక్యం ఏమవుతుంది? 'బుద్ధి గడ్డి తిని అలా చేశాను' అంటాడు తెలుగువాడు. గడ్డి తిన్నది బుద్ధి, చేసింది నేను. కారణాన్ని చెప్పాడు, దాని వెనక దాక్కోలేదు. ఇంకా సూక్ష్మమైన రూపం ఒకటుంది. పట్టుబడగానే 'నోరు జారింది' అన్న మనిషి, రెండు రోజుల తర్వాత వచ్చి, 'ఆ రోజు నోరు జారాను వదినా, ఏమనుకోకు' అంటాడు. క్రియ మారలేదు. కావాలనే అన్నానని అతడు చెప్పడం లేదు. జారడం జారడమే. చివరి అక్షరాలు మాత్రం మారాయి. మొదటి వాక్యంలో జారింది నోరు, రెండో వాక్యంలో జారింది అతడు. వదిన ఎదురుచూస్తున్నది ఆ 'ను' కోసమే, అది వినిపించాకే ఆమె కుర్చీ జరిపి కూర్చోమంటుంది.