కాన్సాస్ బజారు నుంచి బేగం బజారు దాకా: రెండో ఇంజను కథ

మన సాఫ్టువేరు జనాలకి ఒక గట్టి నమ్మకం ఉంది. సర్వరు ఒకటే ఉంటే భయం, రెండుంటే నిశ్చింత. మేనేజరు అడిగితే "రెండున్నాయండీ, ఒకటి పోయినా రెండోది చూసుకుంటుంది" అని చెప్పేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాం. బాల్సా చెక్కతో రేడియో కంట్రోల్ విమానాలు కట్టే సరదా ఉన్నవాళ్ళు ఒకింజను నుంచి రెండింజన్లకి మారేటప్పుడు సరిగ్గా ఇదే మాటంటారు. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. తమాషా ఏమిటంటే ఆ చరిత్ర ఒక బజారు దగ్గర మొదలై మన హైదరాబాదు మీదుగా వెళుతుంది.

ముందుగా చిన్న లెక్క. ఒక ఇంజను నూరు సార్లు ఎగిరితే ఒకసారి ఆగిపోతుందని అనుకుందాం (ఊరికే లెక్క కోసమేనండోయ్). అలాంటివి రెండు పెడితే రెండూ ఒకేసారి ఆగే అవకాశం పదివేలలో ఒకటి. భలే కదా! కానీ ఏదో ఒకటి ఆగే అవకాశం నూటికి దాదాపు రెండు. అంటే ఇంజను ఆగే బాధ రెట్టింపయింది. ఆగినప్పుడు మిగిలిన ఇంజనుతో బండి నడుస్తుందా లేదా అన్నదాని మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంది. నడిచేలా కట్టకపోతే రెండో ఇంజను రక్షణ కాదు, రెండో ప్రమాదం.

ఇక బజారు సంగతి. 1931 మార్చి 31న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో టీడబ్ల్యూయే కంపెనీవారి ఫాకర్ ఎఫ్-10 విమానం కూలి, అందులో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు. వాళ్ళలో ఒకాయన క్నూట్ రాక్నీ, ఆ రోజుల్లో దేశమంతా ఎరిగిన ఫుట్‌బాల్ కోచ్. విమానం కూలిన చోటికి దగ్గర్లో ఉన్న ఊరి పేరు బజార్. నేను కల్పించింది కాదు, ఆ ఊరి పేరు నిజంగానే బజార్!

ఆ విమానానికి ఒకటి కాదు, రెండు కాదు, మూడు ఇంజన్లు. అయినా అవేవీ దాన్ని కాపాడలేకపోయాయి. ఎందుకంటే పోయింది ఇంజను కాదు, రెక్క. అది చెక్కతో కట్టిన రెక్క. లోపలికి తేమ చేరి, చెక్క పొరల్ని పట్టి ఉంచిన జిగురు పట్టు వదిలేసింది. మూడు ఇంజన్లకీ ఆధారం ఆ ఒక్క రెక్కే. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటామే, అదన్నమాట.

ఆ గొడవతో చెక్క విమానాల మీద జనానికి నమ్మకం పోయింది. 1932 ఆగస్టులో టీడబ్ల్యూయే తరఫున జాక్ ఫ్రై విమానాల కంపెనీలకి ఒక చిన్న ఉత్తరం రాశాడు. పూర్తిగా లోహంతో చేసిన, మూడింజన్ల విమానం కావాలని అడిగాడు. ఒక ముఖ్యమైన షరతు పెట్టారు: నిండు బరువుతో టేకాఫ్ అవుతుండగా ఒక ఇంజను ఆగిపోయినా, తమ రూటులోని ఏ విమానాశ్రయం నుంచైనా అది ఎగరగలగాలి. డగ్లస్ కంపెనీ ఇంజనీర్లు ఆ షరతుని రెండింజన్లతోనే తీరుస్తామన్నారు. అలా వచ్చిన డీసీ-1 మొదటిసారి 1933 జులై 1న ఎగిరింది. ఆ సెప్టెంబరులో అరిజోనా రాష్ట్రంలోని విన్స్‌లో నుంచి, అంటే సముద్రమట్టానికి దాదాపు 4,900 అడుగుల ఎత్తులో ఉన్న చోటు నుంచి, నిండు బరువుతో టేకాఫ్ అవుతుండగా కావాలనే ఒక ఇంజను కట్టేశారు. విమానం ఒక్క ఇంజనుతోనే పైకి లేచి ఆల్బుకర్కీ దాకా వెళ్ళింది.

నాకు ఈ కథలో నచ్చేది ఇదే. రెండో ఇంజను ఉందని వాళ్ళు కాగితం మీద చూపించి ఊరుకోలేదు. మొదటిదాన్ని ఆపేసి చూపించారు.

ఆ డీసీ-1కి తమ్ముడు డీసీ-2, ఆ తర్వాతిది 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన డీసీ-3. రెక్కల పొడవు 95 అడుగులు, చాలావాటికి రెండు వైపులా 1,200 హార్స్‌పవర్ ఇంజన్లు. యుద్ధంలో దీన్నే డకోటా అన్నారు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటాలు చవగ్గా దొరికేసరికి మన దేశంలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి.

హైదరాబాదులోనూ ఒకటి లేచింది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. దాని మకాం బేగంపేట, దాని బండి డకోటా. మిగతా కంపెనీలు కాదన్నాక ప్రేమ్ మాథుర్ అనే మహిళా పైలటుకి ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. 1953లో ప్రభుత్వం విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు ఇది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చిలో శంషాబాదు తెరిచాక బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు కూడా ఆగిపోయాయి.

అన్నట్టు, బేగంపేటకీ బేగం బజారుకీ పేరిచ్చిన బేగంలు వేర్వేరు. బేగం బజారు స్థలం వ్యాపారుల కోసం ఇచ్చింది నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం. బేగంపేట పేరు పైగా అమీరుని పెళ్ళాడిన నిజాం కూతురు బషీరున్నీసా బేగంది. ఒక బేగం పేరున అసలు విమానాలు ఎగిరాయి. రెండో బేగం పేరున ఉన్న బజారులో సంక్రాంతికి గాలిపటాలు అమ్ముతారు. నా మటుకు నాకు ఏరోడైనమిక్సులో మొదటి పాఠం ఆ గాలిపటమే. పటం ఒక పక్కకి లాగుతుంటే ఏం చేస్తాం? రెండో పక్క పుల్లకి కాగితం ముక్కో, దారమో చుట్టి సరిచేస్తాం. రెండింజన్ల విమానంలో చిక్కు ఏమిటంటే, పటం నేల మీద ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, గాల్లోకి వెళ్ళాక ఉన్నట్టుండి ఒక పక్కకి లాగుతుంది. అప్పుడు దారం చుట్టడానికి మీ చేతిలో పుల్ల ఉండదు.

జరిగేది ఇదీ. ఎడమ ఇంజను ఆగిందనుకోండి. కుడి ఇంజను ముక్కుని ఎడమకి తిప్పుతుంది. కుడి రెక్క వేగం పెరిగి పైకి లేస్తుంది, విమానం ఎడమకి దొర్లుతుంది. దాన్ని ఆపాల్సింది తోక మీద ఉన్న రడ్డరు. రడ్డరు బలం గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగోవంతే. కాబట్టి ఒక వేగం కంటే కిందికి వస్తే, నడుస్తున్న ఇంజనుని రడ్డరు ఆపలేదు. మనిషి బుద్ధేమో "పడిపోతోంది, థ్రాటిల్ పెంచు" అంటుంది. పెంచితే దొర్లడం ఇంకా ఎక్కువవుతుంది. చేయాల్సింది దానికి తలకిందులు: థ్రాటిల్ తగ్గించాలి, ముక్కు కాస్త దించి వేగం నిలబెట్టాలి, ఎదురుగా ఉన్న చోట దిగిపోవాలి. అంటే విమానాన్ని కాపాడాలంటే బాగా పనిచేస్తున్న ఇంజను నోరు కూడా నొక్కాలి.

ఇప్పుడు బాల్సా సంగతి. చెక్క విమానాల పని కాన్సాస్‌తో అయిపోయిందనుకుంటే పొరపాటు. 1940 నవంబరు 25న ఇంగ్లండులో మస్కిటో అనే రెండింజన్ల యుద్ధ విమానం ఎగిరింది. దాని ఒళ్ళు బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిన శాండ్‌విచ్. రెండు చిప్పల్లాగా విడివిడిగా చేసి, లోపలి సామాను అమర్చి, తర్వాత అతికించేవాళ్ళు. అచ్చం మన మోడల్ కిట్టే! 1944 చివర్లో ఈ మస్కిటోలు మన దేశంలోనే వరసగా కూలడం మొదలైంది. నవంబరులో వాటిని నేల మీద కూర్చోబెట్టారు. మొదట జిగురు మీద అనుమానం. తర్వాత కంపెనీ తరఫున వచ్చినవాళ్ళు జిగురు తప్పేమీ లేదు, మీ వర్షాకాలమే కారణమన్నారు. ఆ తర్వాత జరిగిన విచారణల్లో అసలు లోపం ఫ్యాక్టరీలో అతుకులు సరిగ్గా వెయ్యకపోవడమని తేలింది. "మా దగ్గర బాగానే ఉందండీ, మీ ఎన్విరాన్‌మెంటే బాగాలేదు" అన్న సమాధానం ఎన్ని ప్రాజెక్టుల్లో వినలేదు!

మోడళ్ళ చరిత్ర దీని పక్కనే నడిచింది. 1937లో అమెరికాలో గుడ్ సోదరులు కట్టిన 'గఫ్' తొలి రేడియో కంట్రోల్ విమానాల్లో ఒకటి, ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1947లో గ్లో ప్లగ్ వచ్చాక మిథనాలూ ఆముదమూ కలిపిన ఇంధనంతో చిన్న ఇంజన్లు ప్రపంచమంతా పాకాయి. మన దగ్గర కలకత్తాలో తయారైన అరోరా డీజిలింజన్లు ఉండేవి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన పిల్లలకి ఏరోమోడలింగు నేర్పేవాళ్ళు, ఇప్పటికీ నేర్పుతారు. కానీ ఆ కాలంలో రెండింజన్ల మోడలంటే సాహసమే. ఒక్కో ఇంజనుకీ వేరే ట్యాంకు, వేరే సూది. ఒకదాన్ని సరిచేసి రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మొదటిది మొరాయిస్తుంది.

దీన్ని మార్చింది కరెంటు. ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ 1957 జూన్ 30న 'రేడియో క్వీన్' అనే మోడల్ని విద్యుత్ మోటారుతో ఎగరేశాడు. 2000ల్లో బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు చవకయ్యాక సామాన్యుడికి కూడా రెండింజన్లు అందుబాటులోకి వచ్చాయి.

మన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటానే పదహారో వంతు సైజులో కడదామంటే రెక్కలు ఆరడుగులకి కాస్త తక్కువ. బరువు 2.5 కిలోలు అనుకుందాం. ఇలాంటి నిదానపు విమానానికి కిలోకి 150 వాట్లు చాలు. మొత్తం 375, మోటారుకి దాదాపు 190 వాట్లు. మూడు సెల్లుల బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి ఒక్కో మోటారు 17 ఆంపియర్లు, రెండూ కలిపి 34 లాగుతాయి. స్పీడ్ కంట్రోలర్లు 30 ఆంపియర్లవి పెడితే నిబ్బరంగా ఉంటుంది. 4,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఎనభై శాతం వాడితే పూర్తి థ్రాటిల్ మీద ఐదున్నర నిమిషాలు.

ఇక్కడే మన వాళ్ళ బుర్రకి పని. "రెండు మోటార్లకి రెండు వేరే బ్యాటరీలు పెడితే ఇంకా భద్రం కదా?" అనిపిస్తుంది. కాదు! ఒకటి ముందు అయిపోతే ఒక మోటారు ఆగుతుంది, విమానం దొర్లుతుంది. ఒకే బ్యాటరీ అయితే రెండు మోటార్లూ కలిసి నీరసిస్తాయి, విమానం గ్లైడరులా తిన్నగా దిగుతుంది. అందుకే రెండు బ్యాటరీలు ఉన్నా సమాంతరంగా కలిపేస్తారు. రిసీవరుకి మాత్రం కరెంటు ఎప్పుడూ ఆగకూడదు. మోటార్లు రెండూ పోయినా దింపొచ్చు, రిసీవరు పోతే దింపలేం. అలాగే రెండు కంట్రోలర్లనీ వై-వైరుతో రిసీవరుకి కలిపేటప్పుడు ఒకదాని ఎర్ర వైరు తీసేయాలి, లేకపోతే రెండూ రిసీవరుకి కరెంటు ఇవ్వడానికి పోట్లాడుకుంటాయి. మోటారుకి వెళ్ళే మూడు వైర్లలో ఏ రెండైనా తారుమారు చేస్తే అది ఎదురు దిక్కుకి తిరుగుతుంది. అలా రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురుగా తిరిగేలా చేస్తే (ఆ దిక్కుకి సరిపడే ప్రొపెల్లరు వాడాలి సుమా) పక్కకి లాగడం తగ్గుతుంది.

బేగం బజారులో బాల్సా కోసం తిరగమని చెప్పను. బాల్సా ప్రధానంగా ఈక్వడార్ నుంచి వచ్చే చెక్క. మంచి రకం ఘనపు మీటరుకి 100 కిలోలే ఉంటుంది, టేకు 650 దాకా తూగుతుంది. కానీ వంటింటి డిజిటల్ కాటా, రబ్బరు బ్యాండ్లు, పటం కాగితం లాంటివి ఆ చుట్టుపక్కలే కొనొచ్చు. వైర్లూ, కనెక్టర్లూ, సోల్డరూ అయితే కోఠీలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది, నడిచిపోయే దూరమే. మోటార్లు బిగించే ప్లైవుడ్‌కి మామూలు తెల్ల జిగురు కాకుండా ఎపాక్సీ వాడండి. వర్షాకాలంలో బాల్సా తేమ పీల్చుకుని వంకర పోతుంది కాబట్టి చెక్కకి పూత పూయండి. కాన్సాస్ బజారు పాఠం అదే. ఎగరేసే ముందు డీజీసీఏ వారి మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాదుల మధ్య ఉన్న ఊరు మనది.

చివరగా ఒక్క మాట. ట్రాన్స్‌మిటరులో ఒక మోటారుని మాత్రమే ఆపే స్విచ్చి పెట్టుకోండి. మొదట నేల మీద, తర్వాత బాగా ఎత్తులో, దాన్ని నొక్కి చూడండి. ఎడమది ఒకసారి, కుడిది ఒకసారి. డగ్లస్ వాళ్ళు 1933లో చేసింది అదే. మరి మీ ఆఫీసులో ఆ రెండో సర్వరు ఉంది చూశారూ, మొదటిదాని ప్లగ్గు పీకి దాన్ని పరీక్షించి ఎన్నాళ్ళయింది?