దత్తపదిలో దొరల మాటలు

గోదావరీ మండలమందలి అగ్రహారములలో పూర్వము విద్యారంభము చేసిన బాలుడు, అర్థము తెలియకముందే కంఠస్థము చేయవలసిన గ్రంథము అమరకోశము. అందు మూడవ కాండమునగల నానార్థవర్గమున కొక విశేషము కలదు. తక్కిన వర్గములు ఒక్క వస్తువునకు గల పలు పేర్లను చెప్పుచుండగా, ఈ వర్గము ఒక్క పేరునకు గల పలు అర్థములను చెప్పును. చెప్పుటలోనైనను విషయక్రమమును గాక కడపటి హల్లును బట్టి కాంతములు, ఖాంతములు, గాంతములు అను వరుసను పాటించును. తుది యొక్కతీరున మ్రోగు మాటలన్నియు నొక్కచోట చేరి, ఒక్కొక్కటియు రెండు మూడర్థములను మోయుచు, బాలుని నాలుకపై నట్లే నిలిచిపోవును. పైడిపాటి లక్ష్మణకవి తన ఆంధ్రనామసంగ్రహమునకు తుదను నానార్థవర్గము నొకదానిని చేర్చి, తెలుగుపలుకులకును ఆ మర్యాదయే కల్పించెను. ఈ చదువు చదివిన చెవికి ఇంగ్లీషు వినబడినప్పుడు ఏమి జరిగెనన్నదే నేను చెప్పబూనిన కథ. ఆ చెవి దొరల మాటను ముందుగా అర్థము కొరకు వినలేదు, మ్రోత కొరకు వినినది. వినిన వెంటనే దాని కింకొక యర్థము వెదకినది.

ఈ తీరమున శబ్దార్థముల క్రీడ క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమున, పదునొకండవ శతాబ్దిలో భారతాంధ్రీకరణమునకు పూనిన నన్నయభట్టారకుడు అక్షరరమ్యతను తన కవితకు గుణముగా చెప్పుకొనెను. సంస్కృతవృత్తములకు విధిగా లేని ప్రాస, అనగా పాదపాదమునను రెండవ యక్షరమున నొక్క హల్లే నిలువవలెనను కట్టుబాటు, ఆయన పద్యములలో సహజాభరణమై యొప్పినది. నలరూపములు దాల్చిన నలుగురు దిక్పాలకులును నిజనలుడును ఒక్క శ్లోకముననే స్ఫురించునట్లు శ్రీహర్షుడు రచించిన నైషధమును తెనిగించిన శ్రీనాథుడు, పిమ్మట ఈ నగరపు రెడ్డిరాజుల నాశ్రయించి కాశీఖండమును వీరభద్రారెడ్డి కంకితమిచ్చెను. ద్రాక్షారామ భీమేశ్వరుని వరప్రసాదియని ఐతిహ్యము కొనియాడు వేములవాడ భీమకవి, రామకథయు భారతకథయు నొక్కటిగా నడచు రాఘవపాండవీయమును రచించెనని వినికిడియే గాని గ్రంథము దొరకదు; ఆ కొరతను పదునారవ శతాబ్దిలో పింగళి సూరన తీర్చెను. కావున ఒక మాటకు రెండర్థము లుండుట లోపమని ఈ నేలపై నెవరును తలపలేదు, భాగ్యమనియే తలచిరి.

1847లో ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. కాలువలలో నీటితోపాటు మాటలును పారినవి. ఇంగ్లీషువానికి పెట్టె తాళమును, పడవను ఎత్తు మార్చి దింపు నీటితలుపులును రెండును లాకులే. గోదావరివారు రెండవదానినే గ్రహించి, మొదటిదానికి తమ తాళమును తాము ఉంచుకొనిరి. 1900లో రాజమహేంద్రవరముకడ రైళ్లు నడచిన వంతెనకు మద్రాసు గవర్నరు హేవ్‌లాకు పేరు పెట్టగా, ఆ పేరులోనుగూడ ఒక లాకు దాగియుండుట గమనింపదగినది. ఇంతలో నరసాపురమున టేలరు దొర పేరిట నేటికిని నిలిచియున్న పాఠశాలయు, రాజమహేంద్రవరమున ప్రభుత్వకళాశాలయు, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలయు వెలసి, అమరము వల్లించిన కుటుంబముల పిల్లలే అచట స్పెల్లింగులు వల్లింపసాగిరి. తెలుగున కలిసిపోయిన పరభాషాపదములకు బ్రౌను దొర ప్రత్యేకముగా నొక నిఘంటువును 1854లో ప్రకటించెనన్న, అప్పటికే ఆ రాశి ఎంత పెరిగినదో ఊహింపవచ్చును.

ఇచట నొక చిక్కు గలదు. ఇంగ్లీషున వ్రాతలో వేరై పలుకులో నొకటైన మాటలు మెండు. కుడిచేయి, హక్కు, ఒప్పు అను మూడర్థములు గల రైటు ఒకటి; వ్రాయుట యనెడి రైటు వేరొకటి; క్రతువని చెప్పెడి రైటు ఇంకొకటి. దొర వీనిని అక్షరముల కూర్పుచేత వేరుపరచును. పలికినట్లు వ్రాయుటయే స్వభావమైన తెలుగులిపికి వచ్చునప్పటికి ఆ వేర్పాటు మాసిపోయి మూడును ఒకే రైటు అగును. ఇంగ్లీషువానికి వేరువేరు శబ్దములైనవి తెలుగువానికి ఒక్క శబ్దపు నానార్థములైనవన్నమాట. సూర్యుడును కొడుకును సన్ను, రేయియు యోధుడును నైటు, పూవును పిండియు ఫ్లవరు, కలియుటయు మాంసమును మీటు. అమరము చదివిన పండితున కిది వింతగాక, తన నానార్థవర్గమునకు దొరలు వ్రాసిపెట్టిన అనుబంధమువలె తోచుటలో నాశ్చర్యము లేదు.

ఇంకను నొక మార్పు. తెలుగున మాట అజంతము గావలెను. కావున హల్లుతో ముగియు ఇంగ్లీషుమాట తుదకు ఉకారమును తగిలించుకొని, పలుచోట్ల కడపటి హల్లును ద్విత్వము చేసికొని వచ్చును. పెన్ను, గన్ను, పిన్ను, టిన్ను, టన్ను అను నీ మాటలన్నియు ఇంగ్లీషువాని చెవికి ఒకే అంత్యప్రాస కావు. పిన్ను టిన్నులకును, గన్ను టన్నులకును తప్ప వాని అచ్చులు వేరు. తెలుగు ఛందస్సున ప్రాసకు అచ్చుతో నిమిత్తము లేదు గనుక రెండవ యక్షరమున న్నకారము నిలిచిన చాలును, ఇవి చక్కగా కుదిరిన ప్రాసపదములు! దొరలకే తెలియని బంధుత్వమును వారి మాటలకు మనవారు కల్పించిరి.

పండితుల మాట యట్లుండ, బజారు తానును ఊరకుండలేదు. రైటన్నది ఈ జిల్లాల రోడ్లపై కుడియు గాదు, ఒప్పును గాదు. బస్సు కదలుమని కండక్టరు వేయు కేక. సైటు అనునది ఇల్లు కట్టుకొను స్థలము. నలుబదియేండ్లు దాటినవాని కంటికి వచ్చు చత్వారమును సైటే. కుఱ్ఱకారు నోట దానికి మూడవ యర్థము గూడ గలదుగాని అది పెద్దల యెదుట చెప్పునది కాదు. ఫైటు సినిమాలోనే యుండును. టైటు అన్నచో చొక్కాను గూర్చియు చెప్పవచ్చును, త్రాగి వచ్చినవానిని గూర్చియు చెప్పవచ్చును. బారు సంగతి ఇంకను సొగసైనది: ఇంగ్లీషుననే అది న్యాయవాదుల కూటమియు, పానశాలయు, ప్లీడర్లకు పెట్టినది పేరైన రాజమహేంద్రవరమున ఈ రెంటిని పక్కపక్కనుంచి హాస్యమాడని వా డెవడు!

ఆ నగరముననే పుట్టిన కందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919) సంస్కర్తగా ప్రసిద్ధుడైనను, యౌవనమున ఆయన చేసిన అక్షరవ్యాయామము మరువదగినది కాదు. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమను కృతిలో సంస్కృతపదము రాకూడదు, పెదవులు తగులు అక్షరము రాకూడదు, వచనమును రాకూడదు. ఇట్టి కట్టుబాట్లలో చేయి తిరిగిన యాయన పిమ్మట ఇంగ్లీషు నాటకములను తెనిగింప బూనినప్పుడు ఎన్నుకొనినవానిని చూడుడు. చమత్కారరత్నావళికి మూలము షేక్స్పియరుయొక్క కామెడీ ఆఫ్ ఎర్రర్స్. అందు కవలలైన యజమానుల కిద్దరకు నొకటే పేరు, కవలలైన సేవకుల కిద్దరకు నొకటే పేరు. ఒక్క శబ్దమునకు ఇద్దరు మనుష్యులు అర్థములైరన్నమాట; శ్లేష రంగస్థలమెక్కి నడచినట్లే యున్నది. కల్యాణకల్పవల్లికి మూలమైన షెరిడను నాటకమున మాలాప్రాప్ అను నొకామె, ఒక పెద్దమాట అనబోయి దానివలె మ్రోగు వేరొక మాట ననుచు నవ్వులపాలగును. పరభాషనుండి ఏమి తేవలెనో ఎంచుకొనుటలో పంతులుగారి చెవి పాతదియే యని నా యభిప్రాయము.

అయినను దొరల మాటలకు నిజమైన అగ్నిపరీక్ష అవధానసభలోనే. ఈ కళను ఊరూర జమీందారుల సభలకును సామాన్యజనుల వేదికలకును కొనిపోయినవారు తిరుపతి వేంకటకవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) భీమవరము చేరువనున్న యండగండివాడు; చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియమున పుట్టి, ఫ్రెంచివారి ఏలుబడిలోనుండిన యానాములో బాల్యము గడపినవాడు; చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులై ఇరువురును జంటకవులైరి. వారు గద్వాల, ఆత్మకూరు మొదలైన సంస్థానములలో మెప్పు వడసిరి; 1949లో మద్రాసు ప్రభుత్వము వేంకటశాస్త్రిగారిని ఆస్థానకవిని చేసెను. వారి శతావధానసారము ముద్రితమై చదువరులకు లభించిన పిమ్మట, పద్యము కట్టగల ప్రతి బాలుడును అవధాని కావలెనని కలలుగనెను. పిమ్మట కథకుడై పేర్గాంచిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు సైతము ఆ వయసున ఆ త్రోవ త్రొక్కినవారే.

అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. నిషిద్ధాక్షరి, సమస్య, వర్ణన, ఆశువు, వ్యస్తాక్షరి, అప్రస్తుతప్రసంగము మున్నగువానితో దత్తపదియు నొకటి. పృచ్ఛకుడు నాలుగు మాట లిచ్చి, విషయము నొకటి చెప్పి, ఈ మాటలు పాదమున కొక్కటిగా వచ్చునట్లు ఈ వృత్తమున పద్యము చెప్పుమనును. అవధాని ఆవృత్తి కొక పాదము చొప్పున నాలుగావృత్తులలో దానిని ముగించి, కడపట ధారణలో అన్ని పద్యములతోపాటు దీనిని అప్పజెప్పవలెను. మాటలు అన్యదేశ్యములైనప్పుడు వానిని స్వార్థమున వాడుట రక్తి కట్టదు. రాముని వనవాసమును వర్ణింపుమని కారును, బారును, తారును ఇచ్చినచో, రాముడు కారెక్కెనన్నవాడు అవధాని కాడు. కారుచీకటి యున్నది, వారు వీరు కారు అను నిషేధమున్నది, కొంగల బారున్నది, తామనుటకు తారను పాత సర్వనామమున్నది. ఇన్ని యుండగా దొర బండితో పని యేమి?

ఈ విద్యయొక్క లోపలి కీలును చూపుటకు నేను రెండు గుంపులను తీసికొందును. ఇల్లు, విల్లు, మిల్లు, నిల్లు: వీనిలో మొదటిది ఇంగ్లీషున వ్యాధి, రెండవది మరణశాసనము, మూడవది డెల్టాలో ప్రతి రేవునను కనబడు బియ్యపు మర, నాలుగవది శూన్యము. సీతాకల్యాణము విషయమైనచో ఇల్లు జనకునిది, విల్లు శివునిది. ఈ రెండును తెలుగున పుట్టినవే గనుక శ్రమ లేదు. పవిత్రము ఇల్లు అను రెండు మాటలు ఉత్వసంధిచేత పవిత్రమిల్లు కాగా మిల్లు దొరకినది; చల్లని ఇల్లు అనుచోట ఇత్వము లోపించి చల్లనిల్లు కాగా నిల్లు దొరకినది. రోగమును, వీలునామాయు, మరయు, సున్నయు కలిసి మిథిలలో పెండ్లికి పీటలు వేసినవి.

రెండవ గుంపు కొంత కఠినము: రమ్ము, గమ్ము, సమ్ము, డ్రమ్ము. మద్యము, జిగురు, లెక్క, భేరి. ఆషాఢమాసమున ఒక వైష్ణవుడు అతిథిని పిలుచుటయే విషయమనుకొందము. రమ్మనుట పిలుపే. మబ్బు కమ్ము వేళ యనునది గసడదవాదేశముచేత మబ్బు గమ్ము వేళ యగును. వడ్డించునది పాయసమ్ము, సమ్ము దాని తుదనే యున్నది. డ్రమ్మువద్ద పలువురు తడబడుదురు. అట్లు ముగియు పలుకులు తెలుగుకవి చేతికి అరుదుగా దొరకును. అయితే ఆ గృహస్థుని నొసటనే అది యున్నదని చూడగలవాడు గట్టెక్కును: ఊర్ధ్వపుండ్రమ్ము! ఇట్టిచోటనే సభ ఒక్కసారి చప్పట్లు చరచును.

ఇందు వ్యాకరణము చేయు సాయము పైకి కనబడదు. ద్రుతముమీది పరుషములు సరళములగునని చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సూత్రించిన సంధి విద్యార్థికి పరీక్షాభయము. అవధానికి మాత్రము ఆయుధాగారము. శివుడు తెఱచెన్ కన్ను అన్నచో తెఱచెఁ గన్ను అగును, ముక్కంటి చేతికి తుపాకి వచ్చును. ప్రేమతోన్ పెంచి యన్నది ప్రేమతోఁ బెంచి కాగా యశోద యొడిలో బల్ల యొకటి వెలయును. వాడుకభాషావాదులు ఈ సంధులను విడువుమన్నప్పుడు, వచనమునకు వారి మాట న్యాయమే; దత్తపది విషయమున వారి వాదము చెల్లదని మాత్రము చెప్పవలసియున్నది, ఏలయన సంధిలేనిచో పరభాషాపదమునకు దాగుకొన తావు లేదు.

పశ్చిమగోదావరిలో పెంటపాడు చేరువనున్న బోడపాడున పుట్టిన సహస్రావధాని గరికిపాటి నరసింహారావుగారి వఱకును ఈ కళ ఈ మండలమున తెగక వచ్చినది. పృచ్ఛకుల నేర్పును అవధానుల నేర్పుతోపాటు పెరిగినది. వారిలో గడుసువారు ఫకారము గల మాటలను ఏరితెత్తురు. అచ్చతెలుగున ఆ వర్ణమే లేదు. సంస్కృతమున ఫలము, ఫణి, ఫేనము, ఫుల్లము వంటి కొలది మాటలే దానికి దిక్కు. ఫుల్లు అడిగినచో ఫుల్లుతామరలని తప్పించుకొనుటకు లేదుగాని, ఉత్ఫుల్లుడనియో ప్రఫుల్లుడనియో నాయకుని వర్ణించి గట్టెక్కవచ్చును. ఫీజు, ఫోను, ఫైలు అడిగినచో ఆ మెలకువయు చెల్లదు. అప్పుడు అవధాని ఆ మాటను విదూషకుని నోట పలికించి, తప్పు వానిపై నెట్టును. పృచ్ఛకుడు రసికుడైనచో నవ్వి యంగీకరించును, కాడేని ఆ పాదమును మరల చెప్పుమనును.