మంత్రసాని చేతి విద్య

మన కులచరిత్ర వ్రాయువారు క్షురకర్మను, మంగళవాద్యమును, శస్త్రవైద్యమును విస్తరించి చెప్పుదురు. మన స్త్రీల మంత్రసానితనమును మాత్రము ఒక్క వాక్యముతో ముగింతురు. ఆసుపత్రులు లేని కాలమున మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల పల్లెలలో బిడ్డను తొలుత చేత నందుకొన్నవారు తరచుగా మన అవ్వలే.

వారు మిక్కిలి భయపడినది అడ్డము తిరిగిన బిడ్డకు. తల క్రిందుగా నున్న బిడ్డ సుఖముగా వెలువడును. పిరుదులు క్రిందైనచో కష్టము. అడ్డమైనచో త్రిప్పనిదే ప్రసవము కాదు. సుశ్రుతసంహిత మూఢగర్భమును కీలము, ప్రతిఖురము, బీజకము, పరిఘము అని నాలుగుగా విభజించినది. తలుపునకు గడియమ్రానువలె అడ్డుపడునది పరిఘము. నేయి మొదలగునవి పూసిన చేతిని లోనికి పోనిచ్చి శిశువును సరిచేయు విధమును ఆ గ్రంథమే తెల్పినది. 16వ శతాబ్దిలో ఫ్రాన్సున ఆంబ్రోజ్ పారే ఇట్టి పద్ధతినే పునరుద్ధరించెను. పొట్టపై నుండియే త్రిప్పు రీతిని 1807లో జర్మను వైద్యుడు వీగండ్ వివరించెను.

మన అవ్వలు ఈ గ్రంథముల నెరుగరు. ఆముదము రాచి, పొట్ట తడిమి, తల యెచట నున్నదో వ్రేళ్లతోనే గుర్తించెడివారు. ఆ చేయి ఎందరినో కాపాడినది. నిజము దాచరాదు: బలముగా నొక్కుటచే మాయ విడిపోయి, గర్భసంచి చినిగి, తల్లులు మరణించుటయు కలదు.

1903లో విక్టోరియా స్మారకనిధి మంత్రసానుల శిక్షణకై యేర్పడెను. మదనపల్లెలో అమెరికా మిషనువారి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి స్త్రీలకు, శిశువులకు వైద్య మందించెను. 1926 నాటి మదరాసు చట్టము మంత్రసానుల నమోదును విధించెను. అక్షరము రాని అవ్వకు ఆ పట్టికలో చోటు దుర్లభమాయెను. వృత్తి పోయెను, దానితో పేరును పోయెను.

విద్య మాత్రము పోలేదు. పిరుదులు క్రిందుగా నున్న బిడ్డకు శస్త్రప్రసవమే క్షేమతరమని 2000లో వెలువడిన పరిశోధన తెల్పిన పిమ్మట, ముందుగనే త్రిప్పుటకు విలువ హెచ్చెను. నేడు 36, 37 వారములు నిండిన పిదప వైద్యులు స్కానులో చూచి, శిశుహృదయమును గమనించుచు, శస్త్రశాలను సిద్ధముగా నుంచుకొని పొట్టపై నుండి త్రిప్పుదురు. సుమారు సగము మందికి ఫలించును. ఆ సన్నాహములేవియు లేని యింటిలో ఎవరును దీనికి పూనుకొనరాదు.

సోదరులారా, సోదరీమణులారా! మీ యింట ప్రసవములు చేసిన అవ్వ జీవించియున్నచో, ఆమె చెప్పునది నేడే వ్రాసికొనుడు. మీ కుమార్తెలను నర్సు విద్యకు, వైద్యవిద్యకు పంపుడు. చేతిలో నుండి జారిన విద్య చదువుతో మరల మన యింటికి రావలెను.