కానాగంత చెవిలో రాయి

ఏప్రిల్ మొదటి వారం. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. తెల్లారకముందే నువ్వు విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద ఉన్నావు. కాళ్ల కింద ఐసు నీళ్లు, చేప నెత్తురు కలిసి పారుతుంటే చెప్పులు జారుతున్నాయి. డీజిల్ వాసన, నీచు కలిసి ముక్కుకి కొడుతున్నాయి. రోజుల తరబడి సముద్రంలో ఉండి వచ్చిన బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. వంజరాలు, చందువలు, గులివిందలు గంపల్లో దిగుతున్నాయి. పక్కనే వేలం పాట. ఆ అంకెల వేగం నీ చెవికి అందడం లేదు.

"ఏటి పాపా, కొంతావా, ఊరికే సూస్తావా?" గంప దించుకున్న ఆవిడ అడుగుతుంది.

"చూడ్డానికొచ్చానమ్మా" అంటే పక్కకి జరిగి చోటిస్తుంది.

అక్కడ పరిశోధకురాలు ఒకావిడ కానాగంత చేపల్ని పలక మీద పెట్టి కొలుస్తోంది, మూతి కొస నుంచి తోక చీలిక దాకా. ఆవిడ మిల్లీమీటర్లు చెబుతుంటే నువ్వు రాస్తున్నావు. మరొకటి. ఇంకొకటి. కాసేపటికి విసుగొస్తుంది. ఆ విసుగు వచ్చాక కూడా అంతే శ్రద్ధగా రాయగలవా? కాలేజీ ఫారం నింపేముందు తేల్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం. సముద్ర శాస్త్రంలో నీళ్లలో మునిగేది తక్కువ, కొలిచి రాసుకునేది ఎక్కువ.

ఆవిడ ఒకదాని పొట్ట చీల్చి చూపిస్తుంది. "గుడ్లు పట్టింది చూడు. ఏ సైజు చేపని వలలో పడకుండా వదలాలో దీన్నిబట్టే చెబుతాం." తర్వాత తల కోసి, పట్టకారుతో తెల్లటి నలుసు తీసి నీ అరచేతిలో పెడుతుంది. చెవిరాయి! బియ్యపు నూకంత ఉంది. అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే పొరలు కనిపిస్తాయి. పిల్ల చేపల్లో అయితే రోజుకో పొర. అవి లెక్కపెడితే వయసు తెలుస్తుంది. గాలికి ఎగిరిపోతుందేమోనని నువ్వు గుప్పిట మూస్తావు.

"నాది ఎంపీసీ మేడమ్. బైపీసీ వాళ్లకైతే ముత్తుకూరులో మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ ఉందట. నాకు ఇందులో చోటుందా?"

"కెరటాలు, ప్రవాహాలు అన్నీ లెక్కలే కదమ్మా" అని ఆవిడ బోటు సరంగుని పిలుస్తుంది. ఆయన ఫోన్లో ఒక సందేశం చూపిస్తాడు. చేపలు ఎక్కడ చేరే వీలుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెప్పింది. ఉపగ్రహాలు పట్టిన నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ లెక్కల నుంచి వచ్చిన అంచనా అది. సముద్రమే లేని ఊళ్లో 1999లో పుట్టిన సంస్థ ఈ పని చేస్తోంది! అంతకు ఎంతో ముందే, 1950లలో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త లఫాండ్ ఇదే తీరంలో, చేపల మేతకు ఊతమిచ్చే అడుగునీళ్లు పైకి ఉబికే తీరుని పరిశోధించాడు.

"మళ్లీ రావచ్చా మేడమ్?"

"ఈ వారంలోనే రా. పదిహేను నుంచి 61 రోజులు వేట నిషేధం. అప్పుడు నేను ల్యాబులో ఉంటాను. వస్తే చెవిరాళ్లు అరగదీద్దువు గాని."