తిట్టుకవిత్వం – డిస్ ట్రాక్: నిందకు అర్థమెక్కడ?

ర్యాప్ సంగీతంలో ప్రత్యర్థిని పేరు పెట్టి గాని, పోల్చుకోదగిన సూచనతో గాని నిందించే పాటను డిస్ ట్రాక్ అంటారు. దీనిని మన తిట్టుకవిత్వంతో పోల్చడం సహజం. అయితే తిట్టు అన్నివేళలా ఒకే పని చేయలేదు.

వేములవాడ భీమకవి ఐతిహ్యాలలో తిట్టు శాపమై ఫలిస్తుంది. శ్రోతల తీర్పుతో దానికి పనిలేదు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో తిరుపతి వేంకట కవులకు, కొప్పరపు సోదర కవులకు నడిచిన స్పర్ధలో ఆశుధారలో, పాండిత్యంలో మేటి ఎవరన్నదే ప్రశ్న. అక్కడ నిర్ణేత సభ. పద్యాలు అచ్చయ్యాక పాఠకుడు కూడా.

డిస్ ట్రాక్ ఈ రెండవ కోవకు చెందుతుంది. 1984లో యూటీఎఫ్‌ఓ బృందం పాటకు బదులుగా రాక్సాన్ షాంటే వినిపించిన ‘రాక్సాన్స్ రివెంజ్’ మరెన్నో జవాబు పాటలకు దారితీసింది. నింద నిజమా అన్నదానికంటే, దీటుగా బదులు వచ్చిందా అన్నదే ఇక్కడ ప్రధానం. మౌనం ఓటమిగా లెక్కకు వస్తుంది.

ప్రమాదమూ ఇక్కడే ఉంది: గెలిచిన నింద కాలక్రమంలో చరిత్రగా చెలామణి అవుతుంది. కనుక వివాదపద్యాన్ని సాహిత్య చరిత్రకారుడు స్పర్ధకు సాక్ష్యంగా గ్రహించాలే గాని, ప్రత్యర్థి శీలానికి సాక్ష్యంగా కాదు.