సైకిల్ తొక్కేటప్పుడు కళ్లద్దాలు: ఏవి కొనాలి, దేనికి డబ్బు పెట్టనక్కర్లేదు

ఉదయం ఆరున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరే సైకిలిస్టులు ‘ఎండ ముదరక ముందే వచ్చేస్తాం, మనకెందుకు చలువ కళ్లద్దాలు’ అనుకోవడం మామూలే. చర్మం విషయంలో ఆ లెక్క చాలావరకు సరైనదే. కంటి విషయం వేరు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమలు, హెల్మెట్ అంచు కొంత నీడనిస్తాయి. పొద్దున, సాయంత్రం మాత్రం సూర్యుడు ఎదురుగా, కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటాడు. అతినీలలోహిత కిరణాల తీవ్రత మొత్తం మీద మధ్యాహ్నమే ఎక్కువ. అయినా ఉదయం 8, 10 గంటల మధ్య కంటికి నేరుగా చేరే మోతాదు తీసిపారేసేది కాదు.

ఏళ్ల తరబడి ఇలా ఎండ తగిలితే శుక్లాలు త్వరగా రావచ్చు. తెల్లగుడ్డు మీద మొదలై నల్లగుడ్డు వైపు పాకే కండపొర కూడా రావచ్చు. వైద్యులు దీన్ని టెరీజియం అంటారు. ఆరుబయట పనిచేసేవారిలో, ఉష్ణమండల దేశాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే సైకిలిస్టుకు తక్షణ ప్రమాదం ఎండ కాదు, గాలి, దుమ్ము, పురుగులు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే కంటి తడి త్వరగా ఆరిపోతుంది. కోతల కాలంలో గడ్డి లారీ వెనకో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లే బండ్ల వెనకో సైకిల్ తొక్కినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. కంట్లో నలుసు పడిన ఆ రెండు సెకన్లు సైకిల్ గుడ్డిగానే వెళ్తుంది. పక్కన బస్సు ఉంటే ఆ రెండు సెకన్లే ఎక్కువ.

నలుపు ఎక్కువైతే రక్షణ ఎక్కువా?

ఇది చాలామందిలో ఉన్న అపోహ. అద్దం రంగుకూ, అతినీలలోహిత కిరణాలను ఆపే గుణానికీ సంబంధం లేదు. పైగా ఆ కిరణాలను ఆపని నల్లద్దం పెట్టుకుంటే కంటిపాప వెలుతురు చాలక పెద్దదవుతుంది. దాంతో లోపలికి వెళ్లే కిరణాలు పెరుగుతాయి. అలాంటి అద్దం కన్నా ఏమీ పెట్టుకోకపోవడమే నయం.

చూడాల్సింది ‘యూవీ 400’ అన్న గుర్తు. 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఉన్న అతినీలలోహిత కిరణాలను ఆ అద్దం ఆపుతుందని దాని అర్థం. ఫుట్‌పాత్ మీద వంద రూపాయల జతకూ ఈ స్టిక్కర్ ఉంటుంది కాబట్టి స్టిక్కర్‌నే నమ్మలేం. చాలా కళ్లద్దాల దుకాణాల్లో యూవీ మీటర్ ఉంటుంది. అద్దాన్ని అందులో పెడితే నిమిషంలో తేలిపోతుంది. దొంగనోట్లు పట్టే నీలం టార్చితో ఇంట్లో చేసే పరీక్ష మాత్రం అంత నమ్మదగినది కాదు. ఆ టార్చిల్లో చాలావాటి వెలుగు 400 నానోమీటర్ల అంచుకు దగ్గరగా ఉంటుంది.

ఎంత నల్లగా ఉండాలన్నది విడి ప్రశ్న. దానికి ఐఎస్‌ఓ 12312-1 ప్రమాణంలో 0 నుంచి 4 వరకు కేటగిరీలు ఉన్నాయి. మంచి కంపెనీలు ఆ అంకెను కాడ లోపలి వైపు ముద్రిస్తాయి. కేటగిరీ 3 అద్దం తన మీద పడిన వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి పంపుతుంది. మన మైదానాల ఎండకు ఇది సరిపోతుంది. కేటగిరీ 2 గుండా 18 నుంచి 43 శాతం వెళ్తుంది. చెట్ల నీడ, ఫ్లైఓవర్ల కింది చీకటి, మళ్లీ ఎండ, ఇలా మారుతుండే నగర మార్గాలకు ఇదే మేలు. నీడలోకి వెళ్లగానే ఎదుట గుంత కనిపించకపోతే కళ్లద్దాలు ఉండీ ఉపయోగం లేదు.

కేటగిరీ 4 అద్దాలు మంచు కొండలకు. మనాలి నుంచి లేహ్‌కు సైకిల్ మీద వెళ్లాలనుకునే తెలుగువాళ్లు దీని గురించి ఆలోచించవచ్చు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. కొత్తగా పడిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరగ్గొడుతుంది. అయితే ఈ అద్దాలతో వాహనం నడపకూడదని ప్రమాణంలోనే హెచ్చరిక ఉంది. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద సైకిల్‌కూ అదే వర్తిస్తుందనుకోవాలి.

వెలుతురును బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాలు ఖరీదైనవి. తెల్లవారుజామున బయల్దేరి ఎండలో తిరిగొచ్చేవారికి ఒకే జత సరిపోవడం వీటి లాభం. కానీ నల్లబడటానికి పట్టే సమయం కన్నా తిరిగి తేటపడటానికి పట్టే సమయం ఎక్కువ, కొన్ని నిమిషాలు పడుతుంది. అండర్‌పాస్‌లోకి దిగితే అవి అందుకోలేవు. ఇంకో సంగతి ప్రకటనల్లో కనిపించదు: వేడి ఎక్కువైతే ఇవి తక్కువగా నల్లబడతాయి. మే నెల రామగుండంలో, చల్లని ఐరోపాలో ఒకేలా పనిచేస్తాయని ఆశించకూడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి చోట, సోలార్ పలకల కప్పు కింద తొక్కేవారికి కేటగిరీ 2 మామూలు అద్దాలు చాలు.

పోలరైజ్డ్ అద్దాలు తడి రోడ్డు, కార్ల అద్దాల మీది మెరుపును తగ్గిస్తాయి. కారు నడిపేవారికి అది సుఖం. సైకిలిస్టుకు ఆ మెరుపే కొన్నిసార్లు ఆనవాలు. ముందు నీరో నూనె మరకో ఉందని చెప్పేది అదే. పైగా కొన్ని సైకిల్ కంప్యూటర్ల, ఫోన్ల తెరలు వీటిలోంచి నల్లగా కనిపిస్తాయి. సైకిల్ కోసమే కొనేవారు దీనికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పగిలితే ఏమవుతుంది?

మామూలు గాజు అద్దాలతో సైకిల్ తొక్కకూడదు. కిందపడితే ముక్కలు కంట్లోకే వెళ్తాయి. పాలికార్బనేట్ తేలిక, సులువుగా పగలదు, అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది కూడా. ఈ గుణం దాని పదార్థంలోనే ఉంది. రంగు లేని పాలికార్బనేట్ కూడా ఆపుతుంది.

తక్కువ ఖర్చులో మార్గం ఇక్కడే ఉంది. హార్డ్‌వేర్, సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో వెల్డర్ల నల్లద్దాల పక్కనే కార్మికుల కోసం తేట పాలికార్బనేట్ కళ్లద్దాలు దొరుకుతాయి. వాటి మీద ‘జడ్87+’ గుర్తు నిజమైనదైతే, సెకనుకు 45 మీటర్లకు పైగా వేగంతో వచ్చే చిన్న ఉక్కు గుండు దెబ్బను తట్టుకున్నాయని అర్థం. చాలా స్పోర్ట్స్ కళ్లద్దాలకు ఆ హామీ ఉండదు. వెలుగు తీవ్రతను ఇవి తగ్గించవు గానీ దుమ్ము, పురుగులు, అతినీలలోహిత కిరణాలు మూడింటినీ ఆపుతాయి. తెల్లవారకముందే పేపర్లు, పాలు వేసే కుర్రాళ్లకు, రాత్రి డెలివరీలు చేసేవారికి వేల రూపాయల జత కన్నా ఇదే పనికొస్తుంది.

దుకాణానికి హెల్మెట్ తీసుకెళ్లాలి

కౌంటర్ దగ్గర అద్దంలో చూసుకుంటే సైకిల్ మీద ఎలా ఉంటుందో తెలియదు. హెల్మెట్ పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, తల ఎత్తి దూరంగా చూడాలి. ఫ్రేమ్ పై అంచు చూపుకు అడ్డం వస్తే ఆ జత వద్దు. సైకిలింగ్ కళ్లద్దాల్లో చాలావాటికి పైన ఫ్రేమ్ ఉండకపోవడానికో, అద్దం పొడవుగా ఉండటానికో కారణం ఇదే. ఓక్లీ కంపెనీ 1984లో తెచ్చిన వెడల్పాటి ఐషేడ్స్‌ను, 1986లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పెట్టుకోవడంతో ఈ ఆకారం పెలోటాన్‌లో పాకింది. ఇప్పుడు అది ఫ్యాషన్ కూడా.

తర్వాత గట్టిగా నవ్వి చూడాలి. బుగ్గలు ఫ్రేమ్‌ను పైకి నెడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆవిరి పడుతుంది. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. తల దించి అటూ ఇటూ ఊపితే జారకూడదు. ముక్కు దూలం ఎత్తు తక్కువగా ఉన్నవారికి విదేశీ నమూనాలు తరచూ జారుతుంటాయి. వారు ముక్కు రబ్బరును సర్దుకునే వీలున్న జత అడగాలి. కాడలు హెల్మెట్ పట్టీల పైనుంచి వెళ్లేలా పెట్టుకోవాలి. పడినప్పుడు అవి ఊడిపోవడమే మంచిది.

పవర్ ఉన్నవారికి చిక్కు ఎక్కువ. బాగా వంపు తిరిగిన అద్దంలో ఎక్కువ పవర్ పెడితే అంచుల దగ్గర దృశ్యం వంకరపోతుంది. లోపల అమర్చే చిన్న పవర్ ఫ్రేమ్, లేదంటే వంపు తక్కువున్న పాలికార్బనేట్ అద్దాలు మేలు. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు గాలి చొరబడని జత చూసుకోవాలి. లేదంటే దారిలోనే లెన్సులు ఎండిపోతాయి.

ఇంటికొచ్చాక చెమట ఉప్పు పట్టిన అద్దాన్ని టీషర్టుతో తుడవడం చాలామంది చేసే పొరపాటు. దుమ్ము రేణువులే దాన్ని గీరేస్తాయి. ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి బట్టతో అద్దాలి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పూతలు లేచిపోతాయి. గీతలు పడిన అద్దం ఎదురు ఎండలో వెలుగును చెదరగొట్టి రోడ్డునే కనపడనివ్వదు. అందుకే కొనేటప్పుడే ఆ మోడల్‌కు విడి అద్దాలు దొరుకుతాయో లేదో అడగాలి.